ఆదెమ్మ నడుముకు కట్టిన మిషన్

ఈ ప్రయాణం చేసిన రోజుల్లో నాకు గడియారం చూడడం వచ్చు, అక్షరాలు రావు. నలభై దాటాక రాత్రిబడిలో దిద్దుకున్నాను. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

మా చెల్లెలు ఆదెమ్మకు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. ఎండ ముదిరితే కాళ్లు లేవవు. గుంటూరు డాక్టరు గడియారంలాంటి చిన్న మిషన్ ఇచ్చి, వారం రోజులు పగలంతా నడుముకు కట్టుకోమన్నాడు. అడుగు వేసినప్పుడల్లా ముల్లు జరుగుతుంది. దాన్ని బట్టి ఆమె ఎంత నడవగలుగుతోందో చెబుతాడట. ఆమె మొగుడు, మా మరిది కోటయ్యకు మాత్రం అది జబ్బని నమ్మకం లేదు. "కాళ్లు బాగుండాయని తేలిందా, సోమవారం నుంచి క్వారీలో రాళ్లు మోయాల్సిందే" అన్నాడు.

తెల్లవారుజామున మాచర్లలో బండెక్కాం, నేను, ఆదెమ్మ, ఆమె అత్త పిచ్చమ్మ. అంత పెందలాడే వెళితేనే కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. గురజాల దాటాక సంచిలోంచి మిషన్ తీసి చూశాను. ముల్లు దాదాపు చివరికి వచ్చేసింది.

"ఏందే ఇది? ఇంత యాడ తిరిగినావు?"

"గోడ పట్టుకుని దొడ్లోకి పోవడమే గగనంగా ఉంటే! నాకేం తెలుసక్కా?"

రైలు కుదుపులకేమో అనుకున్నాను. పిడుగురాళ్లలో చూశాను, సత్తెనపల్లిలో చూశాను. ముల్లు ఉన్నచోటే ఉంది. ఎదురుగా మిరపకాయల బస్తా మీద కూర్చున్నాయన, "చెడిపోయుంటదమ్మా, మా చేలో మోటారూ ఇంతే" అన్నాడు. పిచ్చమ్మ ఏమీ పట్టనట్టు సద్దిమూట విప్పుకుంది.

పదిన్నరకు ఆసుపత్రిలో ఉన్నాం. డాక్టరు మిషన్ చూసి, "ఇంత నడిచే మనిషికి మందులెందుకమ్మా?" అన్నాడు. ఆదెమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడు పిచ్చమ్మ ముందుకు జరిగింది. "అయ్యా, నాకూ ఒకటి ఇయ్యండి. మోకాళ్లకి చానా గుణమిచ్చింది."

"నీకెవరు కట్టారు?"

"నా కోడలు మధ్యాన్నం దీన్ని ఇప్పి పెట్టి పండుకున్నప్పుడల్లా నేనే కట్టుకుని సంతకీ చేనికీ పోయొచ్చినా. తాయెత్తు ఇంట్లో ఎవురు కట్టుకుంటే ఏంది?"

డాక్టరు ముల్లును మళ్లీ మొదటికి తిప్పి, ఇంకో వారం గడువిచ్చాడు. అంతదాకా బరువు పని వద్దన్నాడు.

సాయంత్రం బండిలో పిచ్చమ్మ హాయిగా నిద్రపోయింది. అడుగులు కొలిచే మిషన్ అవి ఎవరి అడుగులో చెప్పలేదని నాకు అర్థమైంది. స్టేషన్‌లో కోటయ్య, "ఏమన్నాడు?" అని అడిగితే, "మీ అమ్మనడుగు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, ఆదెమ్మ నడుముకు మిషన్ కట్టాను. పిచ్చమ్మ మోకాలికి నల్లతాడు కట్టి, ఇది ఆ తాయెత్తుకన్నా గట్టిదని చెప్పాను.