ఎల్లుండక్క కుట్టిన చొక్కా

ఆమెకు ఓ పేరుండే ఉంటుంది కానీ, ఆ వీధిలో ఎవరికీ దానితో పనిపడలేదు. అందరికీ ఆమె ఎల్లుండక్కే. కుట్టుపనిలో ఆమె చేతికి వంక పెట్టడానికి లేదు, చిక్కంతా మాటతోనే. ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వెళ్ళినా, కొత్త కోటు కుట్టించుకోవడానికి వెళ్ళినా ఒకటే జవాబు, "ఎల్లుండి రండి" అని. తీరా వెళితే మళ్ళీ ఎల్లుండి. జనాన్ని అలా కాళ్ళరిగేలా తిప్పించుకునేది. తిట్టుకుంటూ వెళ్ళినవాళ్ళే మళ్ళీ గుడ్డ పట్టుకుని వచ్చేవాళ్ళు. ఆమె కుట్టిన చొక్కా తొడుక్కుంటే వంగిపోయిన భుజాలు కూడా నిటారుగా కనిపించేవి మరి. తాను అబద్ధం చెబుతున్నానని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఎల్లుండి ఎక్కడికి పోతుందిలే అని ఆమె ధీమా.

ఆ ధీమా మీద మొదటి దెబ్బ రక్తం పాడవడంతో పడింది. ఎముకల్లో మూలుగ మార్చాలన్నారు డాక్టర్లు. ఆమె చెల్లెలు నాది తీసుకోండంటూ ముందుకొచ్చింది. పరీక్ష చేస్తే కలవలేదు. ఒకే కడుపున పుట్టినదానిది కలవకపోగా, ఎక్కడో ముక్కూమొహం తెలియని మగవాడిది అచ్చంగా కలిసింది. ఎల్లుండక్క బతికి ఇంటికొచ్చింది. ఆమె రక్తం గ్రూపు కూడా మారి అతని గ్రూపే అయింది. చెల్లెలు సంతోషించింది, నిజమే, కానీ ఆ సంతోషం అడుగున చిన్న ముల్లు ఉండిపోయింది. తోబుట్టువును నేనుండగా పరాయివాడు ఇచ్చాడే అని.

ఇచ్చినవాడెవరో ఆసుపత్రివాళ్ళు వెంటనే చెప్పరు. కొన్నాళ్ళు గడవాలి, ఇద్దరూ సరేననాలి. ఈలోగా ఉండబట్టక ఎల్లుండక్క అతనికో చొక్కా కుట్టింది. కొలతల్లేవు. ఒకటికి రెండుసార్లు కొలవనిదే కత్తెర పట్టని మనిషి, అంత మంచి గుడ్డనీ ఊహ మీద కోసేసింది. ఎముకలోంచి తీసి ఇచ్చాడంటే ఎంత దిట్టమైన మనిషై ఉంటాడో అనుకుని ఛాతీ వెడల్పుగా పెట్టింది, చేతులు పొడుగ్గా పెట్టింది. కుట్టి, ఇస్త్రీ చేయించి, కొట్లో గోడకు తగిలించింది. ఎవరు అడిగినా అది అమ్మేది కాదని చెప్పేది.

చివరికి ఆసుపత్రి నుంచి కబురు వచ్చింది. అతను వచ్చే వారం వస్తానన్నాడు. ఆ సంబరం ఇంకా ఆరకముందే డాక్టరు పిలిచి, జబ్బు తిరగబెట్టిందని చెప్పాడు. పాపం, మెత్తగానే చెప్పాడు. ఇలాంటి మాట ఎంత మెత్తగా చెప్పినా ఏం లాభం?

"అతను వస్తున్నాడుగా, మళ్ళీ ఇమ్మని అడుగుదాం" అంది చెల్లెలు.

"డాక్టరునడిగాను. ఇంకోసారి ఎక్కిస్తే నా ఒళ్ళు తట్టుకోదన్నాడు."

"డాక్టర్లు వంద అంటారు. అడిగితే పోయేదేముంది?"

"పోయేది నాకు కాదే, అతనికి. అంత దూరం నుంచి నన్ను చూడ్డానికి వస్తున్నాడు. వచ్చినవాడి చేతిలో నా చావు పెట్టి పంపమంటావా? బాగున్నానని చెప్తాను. నువ్వు మాత్రం నోరు జారకు."

చెల్లెలు సరేనంది. అన్నదే కానీ, ఆ మొహం చూస్తే నమ్మకం కలగలేదు.

అతను వచ్చాడు. పుల్లలా ఉన్నాడు, మెడ ఎముకలు పైకి తేలి. లిఫ్టులు బాగుచేసే పని కాబోలు, కంపెనీ చొక్కా మీదే వచ్చాడు. దాని జేబు ఒక పక్క చిరిగి వేలాడుతోంది. వస్తూనే నవ్వాడు.

"మీ కొట్టు ఎక్కడని ఎదురుగా ఇస్త్రీ ఆయన్నడిగితే, ఏం కుట్టనిచ్చావు, ఎల్లుండి అంటుంది, నమ్మకు అన్నాడక్కా."

అక్కా అన్నాడు. చెల్లెలు తల వంచుకుని గుండీల డబ్బా సర్దడం మొదలుపెట్టింది.

ఎల్లుండక్క అతన్ని కూర్చోబెట్టింది. అనుకున్న మాటలు ఒక్కటీ గుర్తుకు రాలేదు. "చాలా నొప్పి పుట్టిందా?" అని అడిగింది.

"నడుం కొన్నాళ్ళు పట్టేసింది, అంతే. నిజం చెప్పాలంటే, ఓ రోజు మా ఆఫీసులో, మూలుగ ఇస్తామని పేరు రాయించుకున్నవాళ్ళకి పూట సెలవన్నారు. అందుకే పేరిచ్చాను." కాస్త సిగ్గుపడ్డాడు. "మీరెలా ఉన్నారక్కా?"

"బాగున్నాను. చూస్తున్నావుగా."

చెల్లెలి చేతిలో డబ్బా చప్పుడైంది. ఎల్లుండక్క అటు కళ్ళెర్రజేసింది.

"అది చాలక్కా" అన్నాడతను. "నా సంగతి మా ఇంట్లోవాళ్ళనడిగితే చెప్తారు. చదువు మధ్యలో ఆగింది, కాపురం మధ్యలో ఆగింది. నేను బాగుచేసిన లిఫ్టు కూడా మూణ్ణెల్లు తిరక్కుండా ఆగుతుంది. ఎప్పుడైనా మనసు బాగోకపోతే, నా చేతి మీదుగా ఒక్కటైనా ఆగకుండా నడుస్తోంది కదా అనుకుంటాను."

జబ్బు సంగతి చెప్పకూడదని ఎల్లుండక్క ముందే అనుకుంది. ఇప్పుడిక చెప్పే దారే లేదు. మాట మార్చడానికి లేచి, గోడ మీది చొక్కా తీసి ఇచ్చింది.

తొడుక్కుంటే అందులో ఇంకో మనిషి పట్టేలా ఉంది. భుజాలు జారాయి, చేతులు వేళ్ళ దాకా వచ్చాయి. అతను అద్దంలో చూసుకుని పడీపడీ నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. చెల్లెలు సైతం నవ్వింది. ఆ కొట్లో అంతటి నవ్వు విని చాలాకాలమైంది.

"నిన్ను ఏనుగంత ఊహించుకున్నానయ్యా" అంటూ టేపు తీసి అతని ఛాతీ కొలిచింది. కొలతకు చేతులెత్తితే ఆమె రవిక చేతులు పైకి జరిగాయి. సూదులు గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది. అతని చూపు అక్కడ ఆగింది. ఆమె చెయ్యి కిందికి దించుకుంది.

"ఇక్కడే ఉంచండక్కా. పనిమీద ఇటు వస్తూనే ఉంటాను. ఎల్లుండి వచ్చి తీసుకుంటాలెండి" అన్నాడు, ఇస్త్రీ ఆయన మాట గుర్తొచ్చి నవ్వుతూ.

"వద్దు. కూర్చో. ఇప్పుడే చేసిచ్చేస్తాను."

అంది, అని మిషను ముందు కూర్చుంది. భుజాల కుట్లు విప్పింది, పక్కలు సుద్దతో గీసింది. చెల్లెలు గుండీల డబ్బా కింద పెట్టేసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ మిషను మీద ఎవరి బట్టా ఉన్నపళంగా కుట్టింది లేదు.

అతని నవ్వు కొద్దికొద్దిగా ఆరిపోయింది. ఎల్లుండక్క వంక చూశాడు, ఏడుస్తున్న చెల్లెలి వంక చూశాడు. ఇంకెవరూ నోరు జారక్కర్లేకపోయింది. ఆగిపోబోయే యంత్రాన్ని చప్పుడు బట్టి పోల్చుకోవడమే కదా అతని బతుకుతెరువు.

చొక్కా అయింది. ఈసారి అతనికోసమే పుట్టినట్టుంది. అతను దాన్ని తొడుక్కునే ఉండి, విప్పిన కంపెనీ చొక్కా మడిచి బల్ల మీద పెట్టాడు.

"జేబు చిరిగిందక్కా. ఇది మాత్రం తొందర లేదు. ఎల్లుండి వస్తాను. ఎల్లుండి కాకపోతే ఆపై ఎల్లుండి. ఎన్నిసార్లయినా తిప్పండి, తిరుగుతాను."

ఆ మాట కోసం ఆమె నోరు తెరిచింది. జన్మంతా ఆలోచించకుండా అనేసిన మాట, ఇప్పుడు రాలేదు.

"ఇటివ్వు నాయనా" అంది. "నాలుగు కుట్లు. ఇప్పుడే అయిపోతుంది."

అతను మళ్ళీ కూర్చున్నాడు. జేబు కుట్టడం అయింది. దారం తెంపబోతుంటే, "పై గుండీ కూడా వదులుగా ఉందక్కా" అన్నాడు.

ఆమె పట్టి చూసింది. గుండీ గట్టిగానే ఉంది. దాన్ని తెంపి, సూదిలోకి కొత్త దారమెక్కించి, మళ్ళీ కుట్టసాగింది.