గురిగింజల దారం

కొండ ఎక్కాలంటే ఒక పని ఉండాలని కుళ్ళాయమ్మ నమ్మకం. కట్టెలకు ఎక్కాలి, మేక తప్పిపోతే ఎక్కాలి, మొక్కుబడి ఉంటే ఎక్కాలి. ఊరికే ఎక్కి, ఊరికే దిగి, దిగినందుకు చప్పట్లు కొట్టుకునే మనుషులను ఆమె తన యాభై రెండో ఏట మొదటిసారి చూసింది.

వాళ్ళు కొరియావాళ్ళు. పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీ వచ్చాక ఊళ్ళో ఇళ్ళు అద్దెకు తీసుకున్న కుటుంబాల్లో అదొకటి. బేక్ సారు, ఆయన భార్య మిజిన్ మేడం, ఐదేళ్ళ కూతురు యూనా. భర్త వెంకటేశులు పోయాక ధర్మవరంలో మగ్గం అమ్మేసి పుట్టింటి ఊరు చేరిన కుళ్ళాయమ్మ ఆ ఇంట్లో వంటకూ, పిల్లకు తోడుగానూ కుదిరింది. ఉల్లిపాయలు తరగడానికి పెట్టుకున్న మనిషిని ఆదివారం కొండలకు తోలుకుపోతారని మాత్రం ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆదివారం తెల్లారితే చాలు, ఆ ముగ్గురూ పెద్ద పెద్ద బూట్లు తొడుక్కుని, చేతికర్రలు పట్టుకుని యుద్ధానికి పోయినట్టు బయల్దేరేవాళ్ళు. లేపాక్షి దగ్గరి బండరాళ్ళు, గోరంట్ల వైపు గుట్టలు, పెనుకొండ కోట కొండ, ఏదీ వదల్లేదు. గోడమీద ఒక పటం పెట్టుకుని, ఎక్కిన ప్రతి గుట్టకూ ఒక ఎర్రబొట్టు అంటించేవాళ్ళు. బొట్టు అంటించే అధికారం యూనాది.

"ఏమప్పా సురేంద్రా, వీళ్ళకు ఆదివారం పూట ఇంట్లో పండుకోవాలనే అనిపించదా?" అని కుళ్ళాయమ్మ డ్రైవరును అడిగింది.

"వాళ్ళ దేశమంతా కొండలేనంటక్కా. ఎక్కకుంటే కాళ్ళు పీకుతాయేమో."

నవ్వింది గానీ, మూడు నెలలు తిరిగేసరికి ఆమెకూ ఆదివారం ఎప్పుడొస్తుందా అని ఉండేది. చిన్నప్పుడు తలమీద కట్టెలమోపుతో దిగిన కొండే ఆ కోట కొండ. అప్పుడు కాళ్ళకింద రాళ్ళు తప్ప ఇంకేమీ చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు పిల్ల చెయ్యి పట్టుకుని పైన నిలబడితే చెరువు, రైలుపట్టాలు, దూరంగా ఫ్యాక్టరీ రేకులు కనిపించేవి. యూనా ఆమెను "అవ్వా" అని పిలిచేది. ఆ పిలుపు సురేంద్ర నేర్పాడు. కుళ్ళాయమ్మకు పిల్లలు లేరు. ఆ పిల్ల ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంటే కాలు తిమ్మిరెక్కినా కదిలేది కాదు.

మేడంకు వచ్చిన తెలుగు మూడు ముక్కలు. "అమ్మా", "చాలు", "వద్దు". మిగతాది ఫోను చెప్పేది. ఆమె వాళ్ళ భాషలో మాట్లాడితే ఫోను తెలుగులో పలికేది, కుళ్ళాయమ్మ మాటలను మళ్ళీ వాళ్ళ భాషలోకి మార్చేది. మూడు ముక్కల్లోనూ ఎక్కువ వినిపించేది "వద్దు". కడగని జామకాయ పిల్ల చేతికిస్తే "అమ్మా, వద్దు". కుళాయి నీళ్ళు తాగిస్తే "అమ్మా, వద్దు". అంతకుముందున్న పనిమనిషి పిల్లకు కుళాయి నీళ్ళు పట్టించినందుకే ఇంటిదారి పట్టిందని సురేంద్ర ముందే చెప్పి పెట్టాడు.

ఉగాది దాటిన వారం కొండమీద జనం ఎక్కువ. తెల్లటి పిల్ల, బొమ్మలా ఉందని వచ్చినవాళ్ళంతా బుగ్గలు గిల్లారు, ఎత్తుకుని ఫోటోలు దిగారు. ఆ సాయంత్రమే యూనాకు జ్వరం తగిలింది. దిష్టి గాక మరేమిటి? జ్వరం తగ్గగానే కుళ్ళాయమ్మ కంచెమీది తీగనుంచి గురిగింజలు కోసుకొచ్చింది. ఎర్రగా నిగనిగలాడే పదకొండు గింజలు ఏరి, నానబెట్టి, సూదితో పొడిచి, నల్లదారానికి గుచ్చింది. ఆ ఊళ్ళో పుట్టిన ఏ పిల్లకైనా ఏ అవ్వో కట్టేదే అది. ఆమె చేతికీ ఒకప్పుడు కట్టారు.

"దిష్టి తగలకుండా," అని ఫోనుకు చెప్పింది. మేడం విని, ముచ్చటపడి, పిల్ల మణికట్టును తానే ముందుకు చాపింది. నోట్లో పెట్టుకోవద్దని చెప్పాలని కుళ్ళాయమ్మకు తట్టనే లేదు. ఆమెకూ ఎవరూ చెప్పలేదు. పశువుల తోళ్ళకోసం ఆశపడే దుర్మార్గులు ఆ గింజ నూరి ముల్లు చేసి ఎద్దులను పొడిచి చంపేవాళ్ళని నాయన చెప్పిన సంగతి తెలుసు. కానీ అది నూరిన గింజ కదా. మింగితే మింగిన గింజ మింగినట్టే బయటికొస్తుందని అమ్మ అనేది. అది నిజమే. గట్టి పొట్టు చెదరని, సూది పొడవని గింజకు నిజం.

ఆ తర్వాతి ఆదివారం కోట కొండ దిగుతున్నారు. సారు, మేడం ముందు నడుస్తున్నారు. వెనక కుళ్ళాయమ్మ చెయ్యి పట్టుకున్న పిల్ల బుగ్గ కదులుతోంది. మణికట్టు చూస్తే దారం ముడి జారి వేలాడుతోంది. గబుక్కున పిల్ల నోట్లో వేలు పెట్టి రెండు గింజలు తీసింది. రెండూ నలిగి ఉన్నాయి. దారానికి ఏడు మిగిలాయి. తక్కిన రెండింటికోసం బండమీదంతా వెతికింది. దొరకలేదు. పిల్ల నోరు పుక్కిలింపజేసి, ఏడు గింజల దారాన్ని మళ్ళీ ముడేసింది.

ముందు పోతున్న మేడంను పిలవాలని నోటిదాకా వచ్చింది. "అమ్మా, వద్దు" అనే గొంతు చెవిలో వినిపించింది. పని పోతే పోయింది, ఈ పిల్ల మళ్ళీ కనబడదేమోనన్నదే ఆమె భయం. రేపటికి గింజలు బయటపడతాయిలే అనుకుంది. కింద కారు దగ్గర యూనా మామూలుగానే చప్పట్లు కొట్టింది.

సోమవారం మధ్యాహ్నం వాంతులు మొదలయ్యాయి. హిందూపురం ఆసుపత్రిలో డాక్టరు ఏం తిన్నదని అడిగితే, మేడం ఫోను పట్టుకుని రెండు రోజుల తిండి వరసగా చెప్పింది. డాక్టరు సురేంద్రను అడిగాడు. సురేంద్ర గుమ్మం దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ కుళ్ళాయమ్మ వైపు తిరిగాడు.

"అక్కా, కొండమీద పాప ఇంగేమన్నా తినిందా?"

గదిలో అందరూ ఆమెనే చూశారు.

"ఏమీ లేదప్పా. వాళ్ళు తెచ్చిన అన్నమే తినింది."

ఆ మాట ఆమె నోటినుంచే వచ్చింది. ఎవరూ గొంతు పట్టుకుని చెప్పించలేదు.

మంగళవారం పిల్లకు వాంతుల్లో నెత్తురు పడింది. బెంగళూరుకు తీసుకుపోయారు. కుళ్ళాయమ్మ ఖాళీ ఇంట్లో గోడమీది పటం ముందు కూలబడి, బుధవారం పొద్దున సురేంద్రకు ఫోను చేసింది. చెప్పింది, ఏడ్చింది, మళ్ళీ చెప్పింది. అతను బెంగళూరు ఆసుపత్రిలోనే ఉన్నాడు. వెంటనే అక్కడి డాక్టరుకు ఫోను ఇచ్చాడు. ఆయన కన్నడంలో అడిగినది ఒక్కటే. గింజలు పొడిచినవా, పొడవనివా?

"నేనే సూదితో పొడిసినా సామీ," అంది ఆమె కన్నడంలోనే. "ముందే చెప్పింటే ఇంతదాకా వచ్చేది కాదా?"

అది చెప్పలేమని, మొదటిరోజే చెప్పి ఉంటే విషం బయటికి తీసే ప్రయత్నమైనా చేసేవాళ్ళమని డాక్టరు అన్నాడు.

గురువారం యూనా పోయింది.

సారుకు డాక్టరు ఏమేం చెప్పాడో కుళ్ళాయమ్మకు తెలియదు. మేడంకు తెలిసింది మాత్రం, కొండమీద ఏదో అడవి గింజ తిన్నదని. సురేంద్ర కుళ్ళాయమ్మ ఇంటికొచ్చి గుమ్మం బయటే నిలబడి చెప్పాడు.

"నీ పేరు ఎత్తలేదక్కా. ఇంగ నువ్వూ ఎత్తొద్దు. పోయిన పాప రాదు, పోలీసోళ్ళు మాత్రం వస్తారు."

"ఆయమ్మ ఎట్లుండాది?"

"కొండకు తీసకపోయింది నేనే గదా అని తల గోడకేసి కొట్టుకుంటాంది."

మూడు వారాలు కుళ్ళాయమ్మ గడప దాటలేదు. తన తప్పును ఆ తల్లి మోస్తోందని తెలుసు. రోజూ చెప్పాలని లేచేది. చెప్పే ధైర్యం చాలక మళ్ళీ కూర్చునేది. పిరికిదాన్ని అని తనను తానే తిట్టుకునేది, తిట్టుకోవడం అయ్యాక కూడా పిరికిగానే ఉండేది.

వాళ్ళు దేశం వదిలిపోయే రోజున కారు ఆమె ఇంటి ముందే ఆగింది. సారు దిగలేదు. మేడం దిగింది. బూట్లు లేవు, టోపీ లేదు, మనిషి సగమైంది. గుప్పిట విప్పితే అందులో ఏడు గింజల దారం. ఆసుపత్రిలో నర్సు కత్తిరించి ఆమె చేతికిచ్చిందట.

మేడం మాట్లాడింది. ఫోను ఆడగొంతుతో తెలుగులో పలికింది.

"దాన్ని కాపాడాలని నువ్వు ఇది కట్టావు. కొండకు తీసుకువెళ్ళింది నేను. వెళ్ళేముందు దీన్ని నా చేతికి కట్టు."

కారు పక్కనుంచి సురేంద్ర తల అడ్డంగా ఊపాడు. మాట్లాడొద్దని.

కుళ్ళాయమ్మ దారం తీసుకుంది. తెగినచోట కొత్త నూలు కలిపి, ఆ సన్నటి మణికట్టుకు చుట్టి, ఒక ముడి వేసింది. పిల్ల చేతికి వేసిన ముడి జారిందని గుర్తొచ్చి ఇంకొకటి వేసింది. మూడోదీ వేసింది. మేడం వంగి ఆమె చేతిని కళ్ళకద్దుకుంది. ఆ తడి తగిలాక కుళ్ళాయమ్మ ఇక ఓర్చుకోలేకపోయింది. ఫోను వైపు వంగింది.

"దీన్ని నోట్లో పెట్టుకోవద్దు మేడమ్మా. పాప పెట్టుకునింది. నేను చూసినా. ఆస్పత్రిలో డాక్టరు అడిగితే లేదంటి."

ఫోను ఆ మాటలన్నిటినీ తాపీగా వాళ్ళ భాషలో చెప్పింది. మేడం గింజల వైపు చూసింది, కుళ్ళాయమ్మ వైపు చూసింది, మళ్ళీ గింజల వైపు చూసింది. అరవలేదు. చెయ్యి మాత్రం ముందుకు చాపి, తీసెయ్యమన్నట్టు నిలబెట్టింది.

మూడు ముళ్ళు. కుళ్ళాయమ్మ గోళ్ళకు ఒక్కటీ లొంగలేదు. కళ్ళలో నీళ్ళకు ముడి ఎక్కడుందో కూడా కనబడలేదు. పళ్ళతో కొరికి తెంచుదామని తల వంచి దారం నోటికందుకుంది.

మేడం చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కుంది.

"అమ్మా, వద్దు," అంది.