మాస్టారి చెయ్యి పట్టని బ్యాండ్

మా వీధి టైలరమ్మను దేవత అనను. దేవతలకు కోపమొస్తే శాపాలు పెడతారు. ఈవిడకు కోపమొస్తే కత్తెర తీస్తుంది.

ఆవిడ గుండె బలహీనం. కొత్త మందు పరిశోధనలో చేరినప్పుడు ఆసుపత్రివాళ్లు చేతికో బ్యాండ్ ఇచ్చారు. ఎంత నడిచిందీ, గుండె ఎలా కొట్టుకుందీ అది ఫోన్ ద్వారా డాక్టరుకి చేరవేస్తుంది. మందు మొదలెట్టాక మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది. పరిశోధనలోంచి పేరు పోతే మందూ పోతుంది. బయట కొందామన్నా దొరకదు.

మొగుడు రిటైరైన డ్రిల్లు మాస్టారు. ఫోన్ ఆయన దగ్గరే ఉండేది. అందులో పెళ్లాం నడక లెక్క చూపే గీత కిందే పాకుతుంటే ఆయనకు తలకొట్టేసినట్టయింది. రాత్రి ఛార్జింగుకని విప్పిన బ్యాండ్‌ని, తెల్లారి ఆవిడ లేవకముందే తగిలించుకుని పార్కుకి పోవడం మొదలెట్టాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కంప్యూటర్ తెర చూపించి మురిసిపోయింది. "పొద్దున్నే అంత దూరం నడుస్తున్నారా అమ్మా! మందు భలే పనిచేస్తోంది."

"ఆ వేళకి నేను గురక పెడుతుంటానమ్మా."

పక్కనే ఉన్న మాస్టారు గోడమీది పటాన్ని ఎన్నడూ లేనంత శ్రద్ధగా చూస్తున్నాడు.

"ఏమండీ, ఇటు చూడండి."

"నీ కోసమేనే! మార్కులు తగ్గితే తీసేస్తారేమోనని..."

"ఇదేమన్నా పరుగు పందెమా? రేపు మీ కాళ్లు చూసి ఇంకెవరి గుండెకో ఈ మందు ఇస్తారు!"

డాక్టరమ్మ ముఖం వాడిపోయింది. "ఆ రోజుల లెక్క కొట్టేయాలి. జరిగింది పైకి రాయాలి. మళ్లీ జరగదని భరోసా ఏమిటని పైవాళ్లు అడుగుతారమ్మా. జవాబు నచ్చకపోతే మిమ్మల్ని తీసేస్తారు."

"రాయండి," అంది టైలరమ్మ. మెట్లెక్కితే వచ్చే ఆయాసం గుర్తొచ్చింది కాబోలు, వెంటనే సంచిలోంచి కత్తెర తీసింది. "పట్టీ ఎలాస్టిక్‌దే కదా, కొయ్యొచ్చా?"

డాక్టరమ్మ తలూపింది. టైలరమ్మ పట్టీని తన మణికట్టు కొలతకు కోసి, దిట్టంగా కుట్టేసింది. ఆ సన్నటి చేతికి ఎక్కుతోంది, దిగుతోంది.

"మాస్టారూ, పెట్టుకోండి చూద్దాం," అంది డాక్టరమ్మ.

ఆయనకు బొటనవేలి దగ్గరే ఆగిపోయింది. డాక్టరమ్మ పకపకా నవ్వి, దాన్ని ఫొటో తీసి రిపోర్టుకు జతచేసింది.

పైవాళ్లు ఒప్పుకున్నారు. ఇప్పుడు ఫోన్ ఆవిడ దగ్గరే ఉంటోంది. ఆవిడ గీత మాస్టారి గీతంత ఎత్తు లేదు గానీ మెల్లగా పైకే పోతోంది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు దాన్ని చూడందే ఆవిడ టేపు తీయదు.

"ఇదంతా నా సొంత నడకే," అంటుంది.

మాస్టారు మూల కూర్చుని గుండీలు కుడుతూ "నాకన్నా తక్కువే" అని గొణుగుతాడు. కానీ ఎవరైనా ఆ గీత చూడకుండా వెళ్లబోతే, గుమ్మం దాకా వెళ్లి వెనక్కి పిలిచేది ఆయనే.