రుద్రవరం బస్సు మింగిన రీలు

మొన్న ఐదో భాగం చూశాను. నంద్యాలలో, ఏసీ హాల్లో, మెత్తటి కుర్చీలో కూర్చుని చూశాను. బాగాలేదు. ఆ మాట అనే హక్కు నాకుంది. మొదటి భాగం నుంచి ఈ సినిమాలను నా అంతగా ప్రేమించినవాడు, నా అంతగా భరించినవాడు మా వైపు ఇంకొకడు ఉంటే వచ్చి నాతో మాట్లాడమనండి.

ఇంగ్లీషులో దానికేదో పేరుంది. తెలుగులోకి దించినప్పుడు ఇంకేదో పెట్టారు. మా వైపు ఆ రెండు పేర్లూ ఎవరి నోటా పలకలేదు. అందరికీ అది "బోరుబండి సినిమా". లోకం అంతమైపోయి ఉంటుంది. వానలు ఆగిపోయి ఏళ్లయి, నదులు ఎండి, పట్నాలు దుమ్ములో కూరుకుపోయి ఉంటాయి. మిగిలింది కొద్దిమంది జనం, ఒకే ఒక్క బోరు లారీ. దాన్ని నడిపే మనిషికి ఒక చెవి వినపడదు. ఆ మిషను రొదకే పోయింది. ఊరూరూ తిరిగి బోర్లు వేస్తుంటాడు. నీళ్లు పడితే ఆ ఊరు బతికినట్టు. ఆ లారీ కోసం దుర్మార్గులు ట్రాక్టర్లకు ఇనుప రేకులు బిగించుకుని వెంటపడతారు.

వేరే ఊళ్లలో ఇది ఊహాకథ అయి ఉండొచ్చు. మాది రుద్రవరం దగ్గర పల్లె. కాలువ నీళ్లు మా పొలం దాకా ఎక్కవు. మాకిది పక్కింటి సంగతిలాగే ఉండేది. తెరమీద బోరు రాడ్లు ఒకదాని తర్వాత ఒకటి భూమిలోకి దిగుతుంటే ఆళ్లగడ్డ హాల్లో ఒక్కడు దగ్గేవాడు కాదు. నీళ్లు చిమ్మినప్పుడు మాత్రం పై కప్పు లేచిపోయేది. పెద్ద పెద్ద హీరోలు తెరమీదికి వచ్చినప్పుడు కూడా అంత ఈలలు నేను వినలేదు.

నన్ను ఆ సినిమాలకు తీసుకెళ్లింది మా నాయనే. తెలుగు సినిమాలు ఆయనకు నచ్చేవి కావు. "పాటలకు పొయ్యేదానికి పొలం ఇడిసిపెట్టి రావల్నా?" అనేవాడు. బోరుబండి సినిమా అంటే మాత్రం తలగుడ్డ చుట్టుకుని నాకంటే ముందే రోడ్డుమీద నిలబడేవాడు. హాల్లో ఊరికే కూర్చునే మనిషీ కాదు. తెరమీద బోరుబండాయన పిడికెడు మన్ను తీసి వాసన చూసి, ఇక్కడే వేయండి అని చూపిస్తే మా నాయన పక్కవాళ్లకు వినపడేలా, "మన్ను వాసన జూసి నీళ్లు చెప్పేదేందప్పా, దీనికన్నా టెంకాయ పట్టేటోడు మేలు" అనేవాడు. అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేను తిరిగితే, నీళ్లున్నచోట అది నిలబడుతుందని మా వైపు నమ్మకం. హాలంతా నవ్వేది.

ఇక విమర్శకు వస్తాను. మొదటి భాగం బంగారం. చేతిలో డబ్బుల్లేనివాళ్లు తీశారని తెలుస్తూనే ఉంటుంది. ఉన్నది ఒక్క లారీ, ఒక్క ఎడారి. అందుకే నిజమనిపిస్తుంది. రెండో భాగంలో వెంటాడే ఘట్టానికి సాటి ఇప్పటికీ లేదు, ఎవరేమన్నా ఒప్పుకోను. కాకపోతే ఆ విలన్లు! గొంతు తడుపుకోవడానికి చుక్క నీళ్లు లేని లోకంలో నూనె రాసి దువ్విన జుట్టుతో తిరుగుతారు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. డబ్బింగు సంగతి సరేసరి. లోకమంతా నాశనమైపోయినా కోస్తా యాస మాత్రం చెక్కుచెదరకుండా బతికి బట్టకట్టింది. చావబోయే ముందు కూడా ఒకడు "దయచేసి వెళ్లిపోండి" అంటాడు. మా హాల్లో ఎవడో "పోప్పా అంటే చాలు గదప్పా, ఊపిరి మిగులుతాది" అని అరిచాడు. నాలుగో భాగం కొండను తవ్వి ఎలుకను పట్టిన బాపతు. దుమ్ము కూడా కంప్యూటరులోనే పుట్టింది. పసుపు చల్లినట్టు ఉంటుంది. దుమ్ము ఎట్లుంటుందో తెలుసుకోవాలంటే మే నెలలో మా ఊరికి రావలసింది.

మూడో భాగం గురించి చెప్పాలి. అసలు నేనీ కాగితం ముందు కూర్చున్నది దానికోసమే.

నాకప్పుడు పదిహేడేళ్లు. ఆ వేసవిలో మా చేలో నాయన రెండు బోర్లు వేయించాడు. రెండింట్లోనూ దుమ్మే వచ్చింది. అంతలో ఆళ్లగడ్డకు మూడో భాగం వచ్చింది. మామూలుగానే ఇద్దరం మ్యాట్నీకి వెళ్లాం. ఎండిపోయిన ఊరొకటి. ఆయన వచ్చి బోరు వేస్తాడు, పడదు. ఇంకోటి, పడదు. ఎనిమిది వేస్తాడు. ఎనిమిదీ పోతాయి. లారీ ఆగిపోతుంది, జనం ఆయన మొహంలోకి చూస్తుంటారు. మరుక్షణం రాడ్లు మళ్లీ దిగుతాయి, తొమ్మిదో బోరులో నీళ్లు తాటిచెట్టంత ఎత్తుకు లేస్తాయి. నేను కుర్చీ ఎక్కి నిలబడ్డాను. సాయంత్రం రుద్రవరం బస్సులో ఊరికి చేరేదాకా ఆ తొమ్మిదో బోరు గురించే మాట్లాడాను.

వారం తర్వాత బోరులారీవాళ్లు మళ్లీ మా చేనికి వచ్చారు. మూడో బోరుకు నేనే చోటు చూసి పెట్టాను, వేపచెట్టుకు పడమరగా. నాయన ఆ చోటు దాకా నడిచాడు, కాసేపు నిలబడ్డాడు, వెనక్కి వచ్చి "వద్దులేప్పా, లారీ తిప్పుకోండి. ఈడ నీళ్లు లేవు" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. లారీవాళ్లు, పక్క చేనివాళ్లు, అందరూ వింటుండగా అరిచాను.

"ఆయప్ప తొమ్మిది తూర్లు ఏసినాడు! నువ్వు రెండుకే చేతులెత్తేస్తివి. పిరికోనివి నాయనా నువ్వు!"

మా వైపు తండ్రిని నలుగురిలో ఆ మాట అన్న కొడుకును అక్కడికక్కడే చెప్పుతో కొట్టినా ఎవరూ తప్పు పట్టరు. నాయన కొట్టలేదు. "సరేలే" అన్నాడు. లారీ వెళ్లిపోయింది. ఆ చేలో ఆ ఏడు వానకే పండే కొర్ర చల్లాడు. నేను ఆరు నెలలు ఆయనతో సరిగా మాట్లాడలేదు. తర్వాత డిగ్రీ చదువుకని నంద్యాల వచ్చేశాను. మాటలు మళ్లీ కలిశాయి గానీ ఆ మాట మాత్రం అట్లాగే మా మధ్య ఉండిపోయింది. తప్పయిందని నేను అనలేదు. అనకపోవడానికి కారణం మొండితనం ఒక్కటే కాదు. తప్పు నాదని నేను నమ్మలేదు. మూడోది వేసుంటే పడేది కదా అనే అనుకునేవాణ్ణి.

నంద్యాలలో నాతో చదివే కుర్రాడొకడు ఆ ఊరివాడే. ఒకరోజు మాటల్లో "మూడో దాంట్లో ఆయన లారీ ఎనక కూచోని ఏడుస్తాడే, ఆడ నాకూ ఏడుపొచ్చింది" అన్నాడు.

"ఏడ్చేదేందీ? ఆయన ఏడ్వడు" అన్నాను.

"ఏడుస్తాడు లేబ్బా. నేను రెండు తూర్లు జూసినా."

"మా రుద్రవరం బస్సోళ్లు నూరుమంది జూసినారు. ఒక్కడు గూడా అట్ల చెప్పల్యా."

ఇద్దరం చొక్కాలు పట్టుకునే దాకా వచ్చింది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నంద్యాలవాళ్లు ఆళ్లగడ్డవాళ్ల ముందు గొప్పకోసం ఏమైనా కల్పిస్తారని తీర్మానించుకుని నిద్రపోయాను. అట్లా ఇరవై ఏళ్లు గడిచాయి.

నేనిప్పుడు నంద్యాలలో విత్తనాల అంగడి నడుపుతాను. కొన్నేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, బేరాలు లేని వేళ, మూడో భాగం ఫోనులో దొరికింది. చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదో బోరు పోయింది. లారీ ఆగింది. నీళ్లు లేస్తాయని నేను నవ్వుమొహంతో సిద్ధంగా ఉన్నాను. లేవలేదు. ఆయన రాడ్లన్నీ మడిచి లారీ మీద కట్టాడు. ఊరి జనం ముందు నిలబడి, ఇక్కడ నీళ్లు లేవు, ఈ నేలను ఇంక చీల్చను, మూటలు కట్టుకోండి, వేరేచోటికి పోదాం అన్నాడు. జనం రాళ్లు విసిరారు. ఒక పిల్లవాడు పిరికివాడా అన్నాడు. ఆయన లారీ వెనక్కి వెళ్లి, చెవి వినపడని పక్కను జనం వైపు పెట్టి కూర్చుని ఏడ్చాడు. తర్వాత మూడు రోజులు అందర్నీ నడిపించుకుని ఇంకో కొండ కిందికి తీసుకెళ్లాడు. నీళ్లు పడింది అక్కడ. మేము చూసిన సినిమాలో కూడా వెనకాల కొండ మారే ఉంటుంది. కొండను ఎవడు చూశాడు? అందరి కళ్లూ బోరుమీదే.

ఆ తర్వాతి ఆదివారం బస్సెక్కి ఆళ్లగడ్డ వెళ్లాను. మా హాలు ఎప్పుడో మూతపడింది. అప్పటి ఆపరేటరు శిల్పాలు చెక్కే అంగళ్ల దగ్గర టీ కొట్టు పెట్టుకున్నాడని తెలుసు. ఆ ఏడ్చే ముక్క మాకెందుకు వేయలేదని, ఉలుల చప్పుళ్ల మధ్య గట్టిగా అరిచి అడగాల్సి వచ్చింది. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

"మీ రుద్రవరం బస్సు పావు తక్కువ ఐదుకు పోతాండె. మ్యాట్నీ మొదులయ్యేతలికే మూడు దాటుతాండె. ఏం జేయమంటావప్పా? ఒక రీలు పక్కన పెడతాంటి. కొట్లాట తీసేస్తే మీరు కుర్చీలు ఇరగ్గొడతారు. అందుకే ఎవురన్నా కూచోని మాట్లాడేదో ఏడ్చేదో ఉండే రీలు జూసి ఆపుకుంటాంటి. సాయంత్రం మొదుటి ఆటకు అన్నీ ఏస్తాంటిలే."

అదీ సంగతి. మా బస్సు జనం బస్సు తప్పిపోకుండా ఆయన దయతో చేసిన పని. ఆ దయ వల్ల మేము చూసిన బోరుబండాయన ఎన్నడూ కూర్చోలేదు, ఏడ్వలేదు, ఓడలేదు. మొదటి భాగంలో ఆయనకొక చెల్లెలుందని కూడా నాకు ఫోనులోనే తెలిసింది. నవ్వొచ్చింది. ఆ వెంటనే చేనిగట్టు మీద "సరేలే" అన్న మొహం గుర్తుకొచ్చి, చేతిలోని టీ తాగలేకపోయాను. ఏ మనిషిని చూపించి నాయనను పిరికివాడన్నానో ఆ మనిషి చేసింది కూడా నాయన చేసిన పనే.

అయినా తప్పు నాదని నాయనకు చెప్పలేకపోయాను. ఇన్నేళ్ల తర్వాత ఏమని మొదలుపెట్టాలి? ఆయన ఇప్పుడు మాతోనే ఉంటాడు. డెబ్బై దాటాయి. వారానికోసారి బస్సులో వెళ్లి చేలో శనగ చూసి వస్తాడు. ఎదురుగానే ఉంటాడు, ఎదురుగా ఉన్నాడు కదా అని రేపటికి వాయిదా వేస్తూ వచ్చాను.

ఐదో భాగం వచ్చిందని తెలియగానే ఆయన్నే అడిగాను, పోదామా అని. తలగుడ్డ చుట్టుకుని లేచాడు. అందులో బోరుబండాయన ముసలివాడయ్యాడు, లారీని ఒక అమ్మాయికి అప్పగిస్తాడు. అమ్మాయి బాగుంది, మిగతాదంతా రంగుల దుమ్ము. బయటికి వచ్చాక నాయన "ముసిలోడైనాడు పాపం, నడుము పట్టేసిండాది" అని మాత్రం అన్నాడు. అదే అదను అనుకుని, మర్నాడు పొద్దున టిఫిన్లయ్యాక టీవీలో మూడో భాగం పెట్టాను. నా లెక్క ఏమిటంటే, ఆ ముక్క ఆయనకు చూపిస్తే నేను చెప్పలేనిది సినిమానే చెబుతుంది. సినిమా పిచ్చోడి తెలివితేటలు ఇంతకంటే ఎక్కడికి పోతాయి.

ఎనిమిదో బోరు పోయింది. రాడ్లు మడిచాడు. రాళ్లు పడ్డాయి. బోరుబండాయన కూర్చుని ఏడుస్తున్నాడు. నేను టీవీ ఆపాను.

"నాయనా, ఈ రీలు మనకు అప్పుడు ఏయల్యా."

"మ్యాట్నీకి ఏయల్యా" అన్నాడు నాయన. "నేను మొదుటి ఆటకు జూసినా."

"ఎప్పుడు?"

"నువ్వు ఆ మాట అంటివి గదా. నాలుగు దినాలు పోయినాక పోతి. నా కొడుకు నన్ను ఎవునితో సరిజూస్తాండాడో ఇంగోసారి జూద్దామని. ఆట ఇడిసేతలికి బస్సు లేదు. బస్టాండులోనే పండుకోని తెల్లారి వస్తి."

అడగాల్సింది ఒక్కటే ఉంది.

"మరి నాకు ఎందుకు చెప్పల్యా నాయనా? ఆయప్ప గూడా ఇడిసిపెట్టినాడని ఒక్క మాట అనింటే నా నోరు మూతపడేది గదా."

నాయన తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"చెప్పేదేముండాదిరా. నన్ను నమ్మేది అప్పుటికే మానుకుంటివి. ఆయప్ప ఒక్కడే నీకు మిగిలిండె. ఆయప్ప గూడా మీ నాయన మాదిరోడే అంటే, పదేడేండ్లోనివి, ఇంగ ఎవుర్ని జూసుకోని బతుకుదువు?"

నేను ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. "తప్పయిపాయ నాయనా" అన్నాను. అనగానే ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ఆయన కాదనలేదు, పర్వాలేదనీ అనలేదు.

"బాధ పడినా. లేదని ఎందుకు చెప్పల్ల? వానొచ్చె. కొర్ర చల్లేది ఉండె, పోతి."