ఆఫీసు పెట్టిన బొట్టు

ఆ ల్యాప్‌టాప్ మూత మీద బొట్టు పెట్టింది నేను కాదు. ఈ మాట అప్పట్లో ఎంతమందికి చెప్పానో లెక్కే లేదు. చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు మధ్యలోనే అందుకునేవారు. ఇప్పుడు అడ్డొచ్చేవాళ్ళు లేరు కాబట్టి మొదటి నుంచి చివరిదాకా చెబుతాను.

ఏ గోడ మీద చూసినా కంప్యూటర్ కోచింగ్ ప్రకటనలే కనిపిస్తున్న రోజులవి. మా కంపెనీ మాత్రం సాఫ్ట్‌వేర్‌ది కాదు. విదేశీ ఫ్యాక్టరీల కోసం పంపులు, వాల్వుల బొమ్మలు కంప్యూటర్‌లో గీసి పంపేది. రాణీగంజ్ దగ్గర అద్దాల భవనంలో ఆఫీసు. మామూలు ల్యాప్‌టాప్ మీద ఆ పని నడవదు. పంపు బొమ్మను తెర మీద అటూ ఇటూ తిప్పి చూడాలంటే లోపల విడిగా గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. అలాంటిదాన్ని వర్క్‌స్టేషన్ అనేవారు. పేరు గొప్పదే గానీ మోస్తే భుజం పడిపోయేది, ఒళ్ళో పెట్టుకుంటే తొడ కాలేది. కంపెనీ అవన్నీ ఒకేసారి కొని మా టీములో తలా ఒకటి పంచింది. నాకొకటి, మా మేనేజరుకొకటి.

నాదాన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి నాకు అనుమతి ఉండేది. మా అమ్మాయి నెలలు నిండకుండా పుట్టింది. కాస్త జలుబు చేసినా ఛాతీలో పిల్లికూతలు వచ్చేవి. రెండేళ్ళు నిండేదాకా క్రెష్‌లో వేయొద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. మావారిది రైల్వేలో షిఫ్టు డ్యూటీ. అందుకని కనబడ్డ ప్రతి అధికారినీ బతిమాలి, వారంలో మూడు రోజులు ఇంటి నుంచి పని చేస్తానని ఒప్పించాను. ఆ ఆఫీసులో అలాంటి అనుమతి దొరికిన మొదటి మనిషిని నేనే. మిగతా రెండు రోజులూ మావారి డ్యూటీని బట్టి ఎలాగో సర్దుకునేవాళ్ళం. ఆ మిషను నడిచినంతకాలమే నా ఏర్పాటు నడుస్తుంది. అది మొరాయిస్తే నా కూతురు ఎక్కడ ఉండాలన్న ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది.

ఇక బొట్టు సంగతి. దసరాకు మా ఆఫీసులో ఆయుధపూజ ఘనంగా చేసేవారు. లిఫ్టు తలుపుకు బంతిపూల దండ, గుమ్మానికి అరటి పిలకలు. మేనేజరు పట్టుపంచె కట్టుకుని వచ్చి గుమ్మడికాయ కొట్టేవాడు. ప్రింటరుకు, సర్వర్ల గదిలోని ఇనుప బీరువాలకు, ఆఖరికి కాఫీ మిషనుకు కూడా బొట్లు పడేవి. ఆ ఏడాది ల్యాప్‌టాప్‌లన్నీ ఒక పెద్ద టేబుల్ మీద వరసగా పెట్టించారు. పంతులుగారు తడి గంధం వేలితో తీసి ఒక్కొక్క మూత మీదా మెత్తి, దాని మీద కుంకుమ అద్దుకుంటూ వెళ్ళారు. పూజలో పెట్టిన బొట్టును చేత్తో చెరిపే అలవాటు మా ఇళ్ళలో లేదు, దానంతట అది రాలిపోవాల్సిందే. అందుకే నేను తుడవలేదు. ఆ ఆఫీసులో ఎవరూ తుడవలేదు.

ఎండలు మొదలవుతుండగా తెర మీద చారలు రావడం మొదలైంది. పంపు బొమ్మ తిప్పుతుంటే ఉన్నట్టుండి నిలువుగా గీతలు, వాటి మధ్య పచ్చటి చుక్కలు వచ్చి, చివరికి మొత్తం బిగుసుకుపోయేది. ఆపి మళ్ళీ వేస్తే కాసేపు బుద్ధిగా ఉండి, సరిగ్గా పని ఊపందుకునే వేళకు మళ్ళీ అదే తంతు.

మిషను తయారుచేసిన కంపెనీ హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేశాను. గ్రాఫిక్స్ డ్రైవరు, అంటే తెర మీద బొమ్మను నడిపించే ప్రోగ్రాము, తీసేసి మళ్ళీ వేయమన్నారు. వేశాను. కొత్త డ్రైవరు వచ్చింది, అది వేయమన్నారు. వేశాను. ఇంకో రోజు ఇంకొకాయన, కొత్తది ఎవరు వేయమన్నారండీ, మీ డిజైన్ ప్రోగ్రాముకు పాతదే సరిపోతుంది అని నన్నే మందలించాడు. అదీ వేశాను. ఫోన్ చేసినప్పుడల్లా కొత్త గొంతు, దానికి మళ్ళీ మొదటి నుంచి నా గోడు. అన్ని గొంతులూ ముందు అడిగే ప్రశ్న మాత్రం ఒక్కటే, మిషను ఇంట్లో వాడుతున్నారా అని. ఇంట్లోనే అనగానే అవతల చిన్న నిట్టూర్పు. ఆ తర్వాత వరసగా, పిల్లలున్నారా, వంటగది పక్కనే పెట్టుకుంటారా, కరెంటు సరిగ్గా ఉండదా. పంపులూ వాల్వులూ గీసే మనిషినని చెబుతూనే ఉన్నాను. వాళ్ళకు మాత్రం నా చేతిలో గరిటే కనిపించేది. ఒళ్ళు మండిపోయేది.

చివరికి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయమన్నారు. మిషనులో అన్నిటికంటే ముందు మేలుకుని మిగతావాటిని లేపే ప్రోగ్రాము అది. దాన్ని మార్చేటప్పుడు మధ్యలో కరెంటు పోయిందా, ఇక ఆ మిషను మళ్ళీ లేవదు. అందుకని బ్యాటరీలో ఛార్జింగ్ ఉండాలి, ఛార్జరు కూడా తగిలించి ఉండాలి. నా బ్యాటరీ అప్పటికే నీరసపడిపోయింది. సీతాఫల్‌మండిలో ఆ వేసవి కరెంటును నమ్ముకుని అలాంటి పని చేసే ధైర్యం నాకు లేదు.

మేము పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. కింద ఉండే మా ఇంటి ఓనరమ్మది జనగాం వైపు. ముస్లిం కుటుంబమైనా ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవారు. అందరితోపాటు నేనూ ఖాలా, అంటే పిన్నీ, అనే పిలిచేదాన్ని. ముందు గదిలో బట్టలు కుట్టేది. కరెంటు మోటారు మిషను, దానికోసమని ఒక ఇన్వర్టరు. ఆ వారం ఎవరిదో పెళ్ళి బట్టల పని మీద ఉంది. అయినా నా సంగతి వినగానే మోటారు ఆపేసింది. "నేను బంద్ చేస్త బిడ్డా, లైన్ మొత్తం నువ్వే వాడుకో" అంది.

బట్టలు కత్తిరించే బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టి అప్‌డేట్ మొదలుపెట్టాను. తెర మీద నీలం గీత నెమ్మదిగా నిండుతోంది. పాప ఖాలా ఒళ్ళో కూర్చుని కొలతల టేపు నములుతోంది. గీత సగం దాటిందో లేదో, సందులో రేడియోలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయింది. ఇన్వర్టరు అందుకుంది. గీత ఆగలేదు. అది పూర్తిగా నిండి మిషను మళ్ళీ లేచేదాకా నేను కుర్చీలో కదల్లేదు. ఖాలా మాత్రం పెదవులు కదుపుతూ ఏదో చదువుకుంటూనే ఉంది.

లేచిన దగ్గర్నుంచి లోపలి ఫ్యాను ఆగితే ఒట్టు. ఇంతకుముందు వేడెక్కినప్పుడే తిరిగేది. ఇప్పుడు ఏ పనీ లేకపోయినా గిర్రున తిరుగుతూనే ఉంది. మిషనుకు జరిగిన వైద్యం అదేనని నాకు అప్పుడు వెలిగింది. ఆ గ్రాఫిక్స్ చిప్పు వేడికి తట్టుకోలేదని తయారుచేసినవాళ్ళకు తెలుసు. తెలిసే, చిప్పు మార్చకుండా, ఫ్యాను ఎడతెరిపి లేకుండా తిరిగేట్టు మార్చి పంపారు. జ్వరమొచ్చిన పిల్లకు మందు మానేసి విసనకర్రతో విసిరినట్టుంది. ఇంత తెలిసిన పెద్దమనుషులు నన్ను మాత్రం వంటగది ఎంత దూరమని అడిగారు. సిగ్గనేది ఉండాలి కదా.

వారం తిరక్కుండా తెర పూర్తిగా నల్లబడింది. ఆఫీసులో ఇస్తే సర్వీసుకు పంపారు. అక్కడి నుంచి జవాబొచ్చింది. మూత మీద, లోపలికి గాలి పోయే సందుల దగ్గర పొడి పదార్థం ఉందట, వాడినవాళ్ళ అజాగ్రత్తట, వారంటీ వర్తించదట.

మేనేజరు తన గదిలోకి పిలిచాడు. యాప్రాల్‌లో కొత్తగా ఇల్లు కట్టుకుని, దాని గురించి తప్ప వేరే ఊసెత్తని రోజులవి అతనికి. ఆ రోజు మాత్రం ఇంటి ఊసు ఎత్తకుండా, ల్యాప్‌టాప్ మూత మీది మరక వేలితో చూపించాడు.

"ఏందమ్మా ఇది? కాస్ట్లీ మిషన్‌ను పూజగదిలో పెడతరా?"

అది మన ఆయుధపూజ బొట్టని, పంతులుగారు పెడుతుంటే మీరే పక్కన హారతి పళ్ళెం పట్టుకున్నారని చెప్పాను. మూత మీంచి వేలు తీసేశాడు.

"అది కరెక్టే. కానీ ఆఫీసులో పెట్టిన బొట్టు ఆఫీసులోనే ఉంటే ఏం కాదు. ఇక్కడ ఏసీ ఉంటది. ఇంటికి పోయినంక దుమ్ము ధూళి కలుస్తది కదా."

గంధం అదే, కుంకుమ అదే, పెట్టిన వేలూ అదే. వాళ్ళ గడపలో ఉంటే భక్తి, నా గడప తొక్కితే దుమ్ము. నేను తేరుకునేలోపే అసలు విషయానికొచ్చాడు. వచ్చే సోమవారం నుంచి రోజూ ఆఫీసుకు రావాలి, మూలనున్న పాత డెస్క్‌టాప్ మీద పని చేసుకోవాలి. ఇంటి నుంచి పని అన్న మాట ఇక ఎత్తొద్దు.

ఆ సాయంత్రం మావారికి చెబితే ఆయన అన్నం ముందు నుంచి లేచిపోయారు. "బొట్టెట్టినోళ్ళే ఈ బొట్టేటని అడుగుతున్నారేటి?" అన్నారు. మా శ్రీకాకుళం యాస ఆయనకు కోపమొస్తేనే బయటపడుతుంది.

ఉద్యోగం మానేద్దామనుకుంటున్నానని ఖాలాతో చెప్పడానికి కిందికి వెళ్ళాను. అద్దె కొన్నాళ్ళు ఆలస్యమవుతుందని కూడా చెప్పాలనుకున్నాను. చెబుతూనే ఏడ్చేశాను. ఆమె అంతా విని, కుట్టు మిషను వైపు చూసింది.

"నౌకరీ ఎందుకు ఇడుస్తవు? పోరిని నా దగ్గర ఉంచు. మిషన్ బయట అరుగు మీద ఏసుకుంట. లోపల గుడ్డపీచు లేస్తది, బిడ్డకు దమ్ము పడితే తక్లీఫ్ అయితది."

అన్నట్టే ఆ మోటారు మిషను అరుగు మీదికి చేరింది. గది రెండుసార్లు తడిగుడ్డతో తుడిచి, మా పిల్లను అందులో ఉంచింది. ఎండ మొహాన కొడుతుంటే నెత్తిన కొంగు కప్పుకుని అరుగు మీద కుట్టుకునేది, ఒక కన్ను లోపల పిల్ల మీదే వేసి. రోజూ బస్సెక్కుతూ ఆమెను అలా చూసినప్పుడల్లా ఆఫీసు మీద నా మంట ఇంకాస్త పెరిగేది. మనిషి ఊపిరికి ఆమె ఇచ్చిన విలువలో పిసరంతైనా నాకు అక్కడ కనిపించలేదు.

వానాకాలం మొదట్లో విదేశాల నుంచి క్లయింట్లు వచ్చారు. మేనేజరు తన ల్యాప్‌టాప్‌ను పెద్ద తెరకు తగిలించి పంపు బొమ్మ తిప్పి చూపించబోయాడు. నిలువు గీతలు, పచ్చటి చుక్కలు. నా పక్కనున్నవాళ్ళు నా వైపు చూశారు. నేను తెర వైపే చూశాను. చూడచక్కగా ఉందని మాత్రం ఒప్పుకోవాలి.

అతని మిషను ఎన్నడూ ఏసీ దాటి ఎరగదు. అయినా అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు. మర్నాడే సర్వీసు మనిషి ఆఫీసుకొచ్చి, ఆ విడతలో వచ్చిన మిషన్లన్నిటికీ ఈ జబ్బే ఉందని చెప్పి, అందరివీ బోర్డులు మార్చేశాడు, నాది కూడా. వాడినవాళ్ళ తప్పేమీ లేదని అందరికీ మెయిలొచ్చింది. అది చదివి నేరుగా మేనేజరు గదికి వెళ్ళాను. బల్ల మీద అతని ల్యాప్‌టాప్ ఉంది. గుమ్మడికాయ కొట్టిన మనిషి కదా, పంతులుగారు అతని మూత మీద కాస్త పెద్ద బొట్టే పెట్టారు. అది ఇంకా అలాగే ఉంది.

"సార్, మీ వంటగది ఎంత దూరంలో ఉంటుంది?" అని అడిగాను.

హెల్ప్‌డెస్క్‌వాళ్ళు నన్నడిగిన ప్రశ్న అప్పట్లోనే అతనికి చెప్పి ఉన్నాను కాబట్టి అర్థమైంది. మొహం ఎర్రబడింది.

"నువ్వు ప్రతిదీ పర్సనల్‌గా తీసుకుంటవమ్మా" అన్నాడు.

నా మూడు రోజులు నాకు తిరిగిమ్మన్నాను. చూద్దామన్నాడు. ఈ ప్రాజెక్టు అయిపోనీ అన్నాడు. పైవాళ్ళను అడగాలన్నాడు. అలా అడిగి అడిగి, నాకు మళ్ళీ అనుమతి వచ్చేసరికి మా అమ్మాయికి రెండేళ్ళు నిండాయి, ఇక క్రెష్‌లో వేయొచ్చని డాక్టరుగారు చెప్పేశారు. అనుమతి ఇచ్చిన మెయిలులో నన్ను అభినందించారు కూడా. దేనికో ఇప్పటికీ తెలియదు. పిల్ల నాతో ఉండాల్సిన ఆ నెలల్ని మాత్రం ఏ మెయిలూ తెచ్చివ్వలేదు.

మళ్ళీ దసరా వచ్చింది. అదే టేబుల్, అదే వరస, అదే పట్టుపంచె. పంతులుగారు గంధం గిన్నెతో నా ల్యాప్‌టాప్ దగ్గరికి వచ్చేసరికి మూత మీద నా చెయ్యి బోర్లా పెట్టాను. తియ్యమ్మా అన్నారు. తియ్యనన్నాను. ఆఫీసంతా చూస్తోంది. మేనేజరు హారతి పళ్ళెం పట్టుకుని మంత్రాల మధ్య దగ్గాడు. పూజ ఆగకూడదు కాబట్టి, పంతులుగారు నా చేతి మీదే గంధం రాసి, కుంకుమ అద్ది, పక్కదానికి వెళ్ళిపోయారు.

నేను ఆఫీసుకెళ్ళే రోజుల్లో పాపను క్రెష్‌లో వేయకుండా ఇంకా ఖాలా దగ్గరే ఉంచేవాళ్ళం. సాయంత్రం తీసుకోవడానికి వెళ్తే, ఆమె నా చెయ్యి చూసింది.

"ఇదేంది బిడ్డా, చేతికి పెట్టిండ్రు?"

"మిషనుకు పెడితే నా ఇంటి మీదికి వస్తుంది ఖాలా" అన్నాను.

ఆమె పాపను నాకు అందించింది. పాప నా చంకెక్కి, చేతి మీది ఎర్రటి చుక్కను వింతగా చూసి, బొటనవేలితో రుద్దడం మొదలుపెట్టింది. పూజలో పెట్టిన బొట్టు చెరపకూడదని నేను చెప్పలేదు. పూర్తిగా పోయేదాకా రుద్దనిచ్చాను.