ఆగాకర పూసిన కంచె

మొన్న శ్రావణంలో హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు పక్కన గోనె పరిచి ఆగాకరకాయలు రాశి పోసుకుని కూర్చున్నాడు ఒకతను. మా రోజుల్లో నాలుగు వానలు పడితే కంచెల మీద వాటంతటవే కాసేవి గానీ, వాటిని కొనడమన్నది ఎవరూ ఎరుగరు. ఏ తోటవి బాబూ అని అడిగితే, సొంతంగా పందిరి వేసి పెంచానని, నేను అడక్కుండానే పెంపకం సంగతులూ చెప్పుకొచ్చాడు. "ఆగాకరలో ఆడ తీగ వేరు, మగ తీగ వేరండీ. మగదానికి పువ్వే గానీ కాయుండదు. కాయట్లేదు కదాని పీకేశామా, ఇంక ఆడదానికి పిందె నిలవదు. పసుపెక్కి రాలిపోద్ది." ఆ మాట విన్నాక ఇంక బేరం ఆడలేదు. కాయలు కొనకుండానే బస్సెక్కి కూర్చున్నాను. దారంతా అక్కయ్యే.

అక్కయ్యంటే నా తోడబుట్టింది కాదు, తోడికోడలు, మా బావగారి భార్య. ఎనభైల మొదట్లో నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడ ఆ ఇంటికొచ్చి ఏళ్ళయింది, కడుపు పండలేదు. కోతలైపోయి, మామిడికాయల లారీలు వెళ్ళిపోయి, తొలకరి పడిందంటే మా ఇంట్లో కూరలకు వెతుక్కునే పని ఉండేది కాదు. మా మామిడితోటలో చెట్ల కింద గలిజేరు, చెంచలి, కాలవ గట్టున పొన్నగంటి, కంచె మీద ఆగాకర. నేనేమో ఉంగుటూరు దగ్గర వరిచేల మధ్య పెరిగినదాన్ని, నాకు ఇవేవీ తెలియవు. ఏ ఆకు తినేదో, ఏది కాదో, చిగురు ఎక్కడిదాకా గిల్లితే మొక్క మళ్ళీ లేస్తుందో, గలిజేరు పప్పులో ఎప్పుడు వేస్తే పసరు వాసన రాదో అన్నీ ఆవిడే నేర్పింది. ఆగాకరకాయల్ని గింజ ముదరకముందే కోసి, పైనున్న నూగు పోయేలా గోనెగుడ్డ మీద రుద్ది, చక్రాలు తరిగి, ఇనప మూకుడులో సన్నసెగన వేయించి, దించబోయేముందు వెల్లుల్లికారం చల్లేది. ఆ వాసనకి వీధిలో ఉన్న మామగారు కూడా కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చేసేవారు.

నాకు నెల తప్పిన ఏడు వేవిళ్ళతో ఏదీ సహించక, ఆ వేపుడుతో తప్ప అన్నం దిగేది కాదు. అక్కయ్య పొద్దున్నే కంచె పొడవునా తిరిగి, ముళ్ళు గీరుకున్న చేతులతో ఒడి నిండా కోసుకొచ్చేది. మా అత్తగారు చెడ్డమనిషి కాదు గానీ, ఇంట్లో తొలి బిడ్డ పుట్టబోతోందన్న ఆత్రం ఆవిడది. కాయలు చాలడం లేదని ఒకనాడు తానే కంచె దగ్గరికి వచ్చి, విరగబూసి ఒక్క పిందె కూడా లేని తీగలు చూసి, పాలేరును కేకేసింది.

"ఈ గొడ్డు తీగలేరా కాసేవాటి బలం లాగేస్తంది. దుంపలతో సహా తవ్వెయ్!"

మా ఊళ్ళో అందరూ వాటిని అలాగే అనేవారు, ఆవిడ కొత్తగా పుట్టించిన మాట కాదు. అక్కయ్య మాత్రం ఒడిలో కాయలు అలాగే పట్టుకుని, "ఉండనివ్వండి అత్తయ్యా, వాటి దారిన అవి పూసుకుంటన్నాయి కదా" అంది.

"నీకు వాటిమీద అంత ప్రేమెందుకో నాకు తెలుసులేవే!"

పాలేరు తల వంచుకుని తవ్వేశాడు. తరవాత కొద్దిరోజులకే మిగిలిన తీగల పిందెలు పండుబారి, వేలు తగిలితే రాలిపోవడం మొదలుపెట్టాయి. పురుగేమోనని బూడిద చల్లారు, పేడనీళ్ళు పోశారు, ఒక్కటీ నిలవలేదు. తవ్వేసిన తీగలు ఎవరికీ గుర్తు రాలేదు. రోజూ కోసేది ఎవరన్న మాటే వచ్చింది. "దాని చెయ్యి తగిలిందిగా, ఇంకేం నిలుస్తాయి" అన్న అత్తగారు, ఆ సాయంత్రం నుంచి నాకు అక్కయ్య చేతి వంట పెట్టనివ్వలేదు. నీళ్ళు పోసుకున్న పిల్ల, దీని నీడ పడకూడదు అని, నా పురుడయ్యేదాకా ఆవిణ్ణి చింతలపూడిలో పుట్టింటికి వెళ్ళి ఉండమన్నారు. పురుడయ్యేదాకానే అని పైకి అన్నారు గానీ, వెళితే మళ్ళీ రానిస్తారో లేదోనన్న భయం ఆవిడ కళ్ళలో కనబడుతూనే ఉంది. బావగారు తువ్వాలు భుజానేసుకుని తోటలోకి వెళ్ళిపోయారు. "కబురు చేస్తారుగా?" అని ఆవిడ అడిగితే, బస్సు వేళయిందంది అత్తగారు. గడప దిగబోతూ నా వైపు తిరిగి, "ముదురు కాయలు తినకే, గింజ పంటికింద పడితే నీకు వాంతవుద్ది" అని చెప్పి వెళ్ళిపోయింది.

నాకు ఆడపిల్ల పుట్టింది. కబురు వెళ్ళలేదు. ఏడు తిరక్కుండానే బావగారికి ఇంకొక సంబంధం చేశారు. ఆ అమ్మాయికీ పిల్లలు కలగలేదు. అప్పుడు మాత్రం అత్తగారు వెనకటి మాట అనలేదు, దేవుడు ఇవ్వలేదమ్మా అనేది. ఎన్నో ఏళ్ళకు బావగారు చింతలపూడి వెళితే, అక్కయ్య అన్నం పెట్టి, చేతికి నీళ్ళిచ్చి పంపేసిందట.  ఆవిడ పోయిందని మాకు తెలిసేసరికి దినవారాలు కూడా అయిపోయాయి.

అసలు నేను రాకముందే ఏలూరులో ఒక డాక్టరమ్మ అక్కయ్యను చూసి, నీలో ఏ లోపమూ లేదు, మీ ఆయన్ని తీసుకురా అని చెప్పిందట. నాకేం రోగమని బావగారు కదల్లేదు.

ఇప్పుడు తోటలకి సిమెంటు స్తంభాలు, ముళ్ళతీగ. చెట్ల కింద గడ్డిమందు కొడుతున్నారు, గలిజేరు మొలకైనా లేవదు. పోయినవాటిని తలుచుకుంటే దిగులుగానే ఉంటుంది గానీ, ఆ కాలమే బాగుండేదని అనడానికి నాకు నోరు రాదు. ఈమధ్య మా మనవరాలూ దాని మొగుడూ పిల్లల కోసమని డాక్టరు దగ్గరికి కలిసి వెళ్ళి, ముందు అతని పరీక్షే చేయించుకుని, హోటల్లో భోజనం చేసి, నవ్వుకుంటూ ఇంటికొచ్చారు. వాళ్ళకి మంచినీళ్ళిచ్చి నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను. అక్కయ్య ఏలూరు బస్సూ ఒక్కతే ఎక్కింది, చింతలపూడి బస్సూ ఒక్కతే ఎక్కింది.