కోతులకు నేర్పిన గడియ

మొన్న అనంతగిరి ఘాట్‌లో కాఫీకి ఆగితే, పాక వెనక ఓ కోతి చెక్క గడియను పక్కకు జరిపి, తలుపు తీసి, రొట్టె పట్టుకుని తాపీగా వెళ్లిపోయింది. "ఇక్కడి కోతులు మహా తెలివైనవండి," అన్నాడు కొట్టాయన, తానే కన్నట్టు. నేను కాఫీ బల్ల మీద పెట్టి, వెళ్లి ఆ గడియను జరిపి చూశాను.

తొంభైల చివర్లో ఈ కొండ మీదే రెండేళ్లు కోతుల వెంట తిరిగాను. అవి ఒకదాన్ని చూసి ఒకటి ఎలా నేర్చుకుంటాయన్నది మా ప్రొఫెసరుగారి పరిశోధన. గడియ జరిపితే తెరుచుకునే పెట్టెలో వేరుశెనగలు పోసి, ఏది ముందు తీసింది, ఏది తర్వాత, ఏది ఎవరి పక్కన కూర్చుని పేలు చూస్తుంది, అన్నీ రాయడం నా పని. విశాఖలో ఆయన కంప్యూటర్లో ఒక్కో కోతినీ ఒక్కో చుక్కగా పెట్టి, పక్కపక్కన కూర్చునేవాటిని గీతలతో కలిపేవారు. గడియ తీసే విద్య ఆ గీతల వెంట నడిస్తే చూసి నేర్చుకున్నట్టు, ఎక్కడపడితే అక్కడ పుడితే ఎవరికివారే కనిపెట్టినట్టు. మొదట తీసింది చెవి చిరిగిన ఓ ఆడకోతి. తర్వాత దాని పేలు చూసే నేస్తం. మందకు పెద్దయిన మగకోతి మాత్రం చివరిదాకా నేర్చుకోలేదు, తీసినవాళ్ల దగ్గర లాక్కునేది. చూసినప్పుడల్లా నాకు మా డిపార్టుమెంటు గుర్తొచ్చేది.

పెట్టె చేసిచ్చింది నేను అద్దెకున్న ఇంటి పెద్దయ్య. ఆయనకు తెలిసిన గడియ ఒక్కటే, వాళ్లు చోళ్లు, అంటే రాగులు, దాచుకునే గాదెకున్నది. అదే పెట్టాడు. ముచ్చటగా ఉందని మెచ్చుకున్నాను కూడా. వానాకాలం ఇంటిల్లిపాదీ కలుపు తీయడానికి కొండవాలు పోడు చేనుకెళ్లి వచ్చేసరికి గాదె తలుపు తెరిచి ఉంది. పంట చేతికొచ్చేదాకా అంబలికి దాచుకున్న చోళ్లు సగం కడుపుల్లోకి, సగం బురదలోకి. పెద్దయ్య భార్య, పెద్దమ్మ, అరవలేదు. "నేర్పినోడివి నువ్వే గదేటి బాబూ. బేగి మరిపించు," అంది. అరిచినా బాగుండేది.

ప్రొఫెసరుగారికి చెప్తే, "గీతల వెంటే నడిచింది, చూశావా!" అని పొంగిపోయారు. మరిపించడమెలాగని అడిగాను. అది మన లెక్కలో లేదన్నారు. ఆ వానలన్నాళ్లూ ఆ ఇంట్లో అడవి దుంపలే ఉడికాయి. పెద్దమ్మ నాకూ ఓ ముక్క పెట్టేది, సిగ్గుతో తినేవాణ్ని. పెట్టె పొయ్యిలో పెట్టేశాను. చూడకపోతే అవే మరిచిపోతాయిలే అనుకున్నాను.

చెవి చిరిగినది ఎప్పుడో పోయుంటుంది. పెద్దమ్మా పోయింది. ఏ కోతికి ఏ నంబరు వేశానో నాకే గుర్తులేదు. కాలం మమ్మల్నందర్నీ తుడిచేసింది గానీ, ఆ గడియను మాత్రం తల్లి దగ్గర్నుంచి పిల్లకు జాగ్రత్తగా అందిస్తూనే ఉంది.